జీర్ణకోశమునందలి మొండి సూక్ష్మజీవి

మన జీర్ణకోశపు గోడలనుండి హైడ్రోక్లోరికామ్లము ఊరుచుండును. ఆహారముతోను, నీటితోను లోనికి పోవు సూక్ష్మజీవులలో పెక్కు ఈ ఆమ్లము వాతబడి నశించును. కావున జీర్ణకోశమున ఏ బాక్టీరియాయు కాపురము చేయజాలదని వైద్యులు చిరకాలము నమ్మిరి. అచ్చటను, దాని దిగువనున్న ఆంత్రమూలమునందును పుట్టు పుండ్లకు అధికామ్లము, మనోవ్యాకులత, కారపుతిండి కారణములని చెప్పుచుండిరి. పాపము, ఆవకాయపై పడిన ఆ నింద మన యిండ్లలో నేటికిని పూర్తిగా తొలగలేదు.

ఈ నమ్మకమును తారుమారు చేసినవారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునందలి యిద్దరు వైద్యులు. రాబిన్ వారెన్ 1979లో రోగుల జీర్ణకోశమునుండి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శినిలో పరిశీలించుచు, వంపులు తిరిగిన బాక్టీరియాను కనుగొనెను. 1981లో బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో చేరెను. ప్రయోగశాలలో వానిని పెంచుటకు చేసిన ప్రయత్నములు మొదట ఫలింపలేదు. రెండు దినములలో ఏమియు మొలవనిచో పళ్ళెములను పారవేయుట అచ్చటి వాడుక. 1982 ఈస్టరు సెలవులలో ఒక పళ్ళెము అయిదు దినములు అట్లే ఉండిపోగా, తెరచి చూచినప్పుడు బాక్టీరియా పెరిగియున్నది! మెల్లగా పెరుగు జీవికి కావలసినది వ్యవధియే. 1984లో మార్షల్ ఈ బాక్టీరియా గల ద్రవమును తానే త్రాగెను. కొలది దినములకే వాంతులు పట్టుకొనెను. జీర్ణకోశపు గోడ వాచినట్లు పరీక్షలో తేలెను. 1989లో ఈ జీవికి హెలికోబాక్టర్ పైలోరి అను పేరు స్థిరపడినది. 2005లో ఆ యిరువురికిని నోబెల్ బహుమానము లభించినది.

ఆమ్లమునందు ఈ జీవి యెట్లు బ్రతుకుచున్నది? దానియొద్ద యూరియేజ్ అను ఎంజైము సమృద్ధిగా కలదు. జీర్ణకోశమున స్వల్పముగా నుండు యూరియాను ఈ ఎంజైము అమ్మోనియాగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. అమ్మోనియా క్షారగుణము కలది. తన చుట్టునున్న ఆమ్లమును అది విరుచును. ఆమ్లము విరిగినచోట జీర్ణకోశపు గోడను కప్పియున్న జిగురుపొర పలుచబడును. అంతట ఆ జీవి తోకలవంటి కశాభములను ఆడించుచు, మరమేకువలె ఆ పొరను దొలుచుకొని లోనికి పోయి, గోడప్రక్కనే స్థిరనివాసము ఏర్పరచుకొనును. అచ్చట ఆమ్లపు తాకిడి అంతగా ఉండదు.

ఇట్టి చొరబాటును మన దేహము చూచి యూరకుండునా? ఊరకుండదు. తెల్ల రక్తకణములు గుంపులుగా వచ్చి జీర్ణకోశపు గోడలో చేరును. రక్తమున ఈ బాక్టీరియాకు ప్రతిరక్షకములు పుట్టును. ఇంత సన్నాహము జరిగినను, చికిత్స లేనిచో శత్రువు సాధారణముగా జీవితాంతము తొలగిపోదు. దేహము యుద్ధము చేయుచునే యుండును, గెలుపు మాత్రము లేదు. మా దృష్టిలో ఈ కథయంతటిలోను మిక్కిలి ఆశ్చర్యకరమైన ఘట్టము ఇదియే.

ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని మన పెద్దలందురు. ఈ బాక్టీరియా ఇంటిదొంగ వేషము వేయును. మన జీర్ణకోశపు కణములపై లూయిస్ గుర్తులను కొన్ని చక్కెర అణువులు గలవు. పెక్కు పైలోరి తెగలు తమ పైపొరపై అట్టి గుర్తులనే ధరించి, ఇంటివారివలె కనబడును. బాక్టీరియాల కశాభములను తాకినంతనే గుర్తుపట్టు గ్రాహకములు మన కణములకు ఉన్నవి. కాని పైలోరి కశాభముల నిర్మాణము వేరగుటచే ఆ గ్రాహకములు మేలుకొనవు. తెల్లకణములు శత్రువును చంపుటకు హైడ్రోజన్ పెరాక్సైడు వంటి పదార్థములను విడుచును. పైలోరి వద్దనున్న కెటలేజ్ అను ఎంజైము ఆ పెరాక్సైడును నీరుగను, ఆక్సిజనుగను మార్చివేయును. ఇవి చాలనట్లు, వాక్-ఎ అను విషమును వెలువరించి, రక్షణకు నాయకత్వము వహించు టి-కణములు వృద్ధిచెందకుండ అడ్డగించును.

టి-కణములలో రక్షణచర్య హద్దుమీరకుండ పగ్గము వేయు తెగ యొకటి కలదు. ఈ బాక్టీరియా సోకిన జీర్ణకోశమున ఆ తెగ అధికమగును. పిల్లలలో మరింత అధికమని పరిశోధనలు చూపినవి. అందుచే పిల్లలలో వాపు తక్కువ. ఈ అంటు సాధారణముగ బాల్యముననే, ఎక్కువగా ఇంటివారినుండియే సోకును. అయినను అప్పుడు దాని యునికి తెలియకపోవుటకు ఇదియొక కారణము.

సోకినవారిలో పెక్కుమందికి జీవితమున ఏ బాధయు ఉండదు. కాని దీర్ఘకాలపు వాపు గోడను మెల్లగా దెబ్బతీయును. ఎలుకమీది కోపమున ఇల్లు తగులబెట్టినట్లు, శత్రువునకై విడిచిన పదార్థములు సొంత కణములనే గాయపరచును. కొందరిలో పుండ్లు ఏర్పడును. బహుకొద్దిమందిలో జీర్ణకోశపు క్యాన్సరు కలుగును. 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ ఈ బాక్టీరియాను క్యాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది.

దేహము చేయలేని పనిని మందులు చేయవలెను. ఒక్క ఆంటీబయాటిక్ చాలదు. రెండింటిని, ఆమ్లమును తగ్గించు ఒమిప్రజోల్ వంటి మందును కలిపి, సాధారణముగ 14 దినములు ఇత్తురు. కొన్ని పద్ధతులలో బిస్మత్ కూడ చేరును. ఆమ్లమును తగ్గించుట ఏల? క్లారిత్రోమైసిన్ వంటి మందు ఆమ్లములో చెడిపోవును. అమాక్సిసిలిన్ విభజన చెందుచున్న బాక్టీరియానే చక్కగా చంపగలదు. ఆమ్లము తగ్గినప్పుడు పైలోరి చురుకుగా విభజన చెందును. అనగా నిద్రించు శత్రువును లేపి కొట్టుట!

అయినను కొందరిలో అది చావదు. జిగురుపొర యడుగున, గోడయందలి గ్రంథుల లోతున దాగినవానికి మందు తగినంత చేరదు. మరికొన్నిటిపై మందే పనిచేయదు. క్లారిత్రోమైసిన్ బాక్టీరియాలోని రైబోసోము అను ప్రొటీనుల కార్మాగారమును పట్టుకొని దాని పనిని ఆపును. ఆ రైబోసోము జన్యువులో ఒక్క అక్షరము మారినచో మందునకు పట్టు దొరకదు. ఇట్టి మార్పు మందువలన పుట్టునది కాదు. కోట్లకొలది జీవులలో ఏ ఒకటిరెంటికో అది ముందే యుండును. మందు తక్కినవానిని చంపి, వీనికి చోటు చేయును. నాలుగు దినములకు కడుపుమంట తగ్గినదని మాత్రలను అటకమీద పెట్టు ఇంటిలో జరుగునది ఇదియే. వేరొక జబ్బుకై లోగడ అదే మందు వాడినవారిలోను ఇట్టి తెగలు పెరిగియుండవచ్చును. మన దేశమున మెట్రొనిడజోలును లెక్కచేయని పైలోరి తెగలు సర్వసాధారణము.

చికిత్స ముగిసినపిదప ఒక చిక్కు కలదు. రక్తములోని ప్రతిరక్షకములు బాక్టీరియా నశించిన తరువాత కూడ నెలల తరబడి నిలిచియుండును. ఆ రక్తపరీక్షను నమ్మినవాడు, జబ్బు నయమైనను నయము కాలేదని భయపడి మరల మందులు మ్రింగును. గోడలోని వాపును ఒక్కనాటితో పోదు; కొన్ని తెల్లకణములు వారములలో తొలగిపోగా, కొన్ని ఏడాదికి పైగా నిలుచును. కాబట్టి కొంత బాధ మిగిలినంతమాత్రమున బాక్టీరియా మిగిలినదని చెప్పరాదు. మందులు ముగిసిన నాలుగు వారములకైనను శ్వాసపరీక్ష గాని, మలపరీక్ష గాని చేయవలెను. ఒమిప్రజోల్ రెండు వారములు ముందుగా ఆపవలెను. శ్వాసపరీక్షలో గుర్తు వేసిన కార్బను గల యూరియాను రోగిచే త్రాగింతురు. పైలోరి బ్రతికియున్నచో దాని యూరియేజ్ ఆ యూరియాను విడగొట్టును. గుర్తు గల బొగ్గుపులుసు వాయువు ఊపిరిలో కనబడును. దొంగను దాచిన ఉపాయమే దొంగను పట్టించుచున్నది.

నయమైన పిమ్మట మరల సోకవచ్చును. ఒకసారి వచ్చినంతమాత్రమున మశూచి విషయమునవలె రక్షణ కలుగదు. అందుచే టీకాకై ప్రయత్నములు సాగుచున్నవి. ఎలుకలపై చేసిన ప్రయోగములలో, ప్రతిరక్షకములు పుట్టింపలేని ఎలుకలకును టీకా రక్షణ నిచ్చినది. అనగా ఇచ్చట ముఖ్యమైనవి టి-కణములు. చైనాలో 6 మొదలు 15 ఏండ్ల వయసుగల 4,464 మంది బాలబాలికలపై నోటిద్వారా ఇచ్చు టీకా నొకదానిని పరీక్షించి, 2015లో ఫలితములను ప్రకటించిరి. ఆ టీకాను యూరియేజ్ ఎంజైములోని ఒక భాగముతోనే తయారుచేసిరి. మొదటి ఏడాది అది సుమారు 72 వంతులు రక్షణ నిచ్చినది. తరువాతి ఏండ్లలో ఆ రక్షణ కొంత తగ్గినది.