నూర్పిళ్ళ దుమ్ము - ఉబ్బసము

నూర్పిళ్ళ రోజులలో మీకు రాత్రివేళ దగ్గు, ఆయాసము, రొమ్ములో పిల్లికూతలు వచ్చుచున్నవా? తెల్లవారుజామున ఊపిరాడక లేచి కూర్చొనుచున్నారా? పని అలసటయని ఊరకుండరాదు. అది ఉబ్బసము కావచ్చును.

ఉబ్బసమన నేమి?

మనము పీల్చు గాలి సన్నని గొట్టముల ద్వారా ఊపిరితిత్తులలోనికి పోవును. ఉబ్బసరోగికి ఈ గొట్టముల లోపొర వాచియుండును. దుమ్ము, పొగ తగిలినపుడు చుట్టునున్న కండరములు బిగిసికొనును. లోపల జిగురు కఫము చేరును. దారి ఇరుకై, పీల్చిన గాలిని వదలుట కష్టమగును. ఇది అంటువ్యాధి కాదు. వంశములో ఉన్నచో వచ్చు అవకాశము హెచ్చు.

రేపునవి

ధాన్యపు దుమ్ము, బూజుపట్టిన గడ్డి, వయ్యారిభామ పుప్పొడి, పురుగుమందు తుంపర, కొయ్యకాళ్ళు కాల్చిన పొగ, వంటపొగ, బీడీ, చుట్ట, జలుబు, చలిగాలి. వీనిలో తనకేది పడదో ఎవరికి వారు గుర్తించవలెను.

జాగ్రత్తలు

1. కళ్ళములో గాలి వచ్చు వైపున నిలిచి పనిచేయుడు. పొట్టు మీ మీదికి రాదు.
2. తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు. ఎన్-95 మాస్కును ముఖమునకు సందులేకుండ ధరింపుడు.
3. గడ్డి బాగుగా ఎండిన పిమ్మటనే వామి వేయుడు.
4. కొయ్యకాళ్ళను కాల్చక నేలలో కలియదున్నుడు. పొగత్రాగుట మానుడు.

చికిత్స

ఉబ్బసమును సమూలముగ పోగొట్టు మందు లేదు. అదుపులో నుంచు మందులు కలవు. పీల్చు మందులు ముఖ్యముగా రెండు విధములు. సాల్‌బుటమాల్ బిగిసిన గొట్టములను కొద్ది నిమిషములలో సడలించును గాని వాపును తగ్గించదు. దీనితోనే సరిపెట్టుకొనుట ప్రమాదము. బుడెసొనైడ్ వంటివి వాపును తగ్గించును. వీనిని వైద్యుడు చెప్పిన ప్రకారము, ఆయాసము లేనినాడు కూడ వాడవలెను. వాడిన పిదప నోరు పుక్కిలించవలెను. పైరు వాడినపుడు మాత్రమే నీరు పెట్టిన దిగుబడి వచ్చునా? ఇదియు అంతే.

ఇన్‌హేలరు వ్యసనమగునను భయము వలదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరును గనుక మాత్రలకన్న తక్కువ మోతాదు చాలును. మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందు మింగువారును ఈ మందులు మానరాదు.

ప్రాణాపాయ సూచనలు

రెండు మాటలు కలిపి పలుకలేకున్నను, పెదవులు నీలివన్నె తిరిగినను, పీల్చు మందుకు ఆయాసము తగ్గకున్నను ఆలస్యము చేయరాదు. రోగిని పరుండబెట్టక కూర్చుండబెట్టి, 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చుడు.

కోతలు ప్రారంభము కాకమునుపే వైద్యునికి చూపించుకొని, మందు సిద్ధముగ నుంచుకొని కళ్ళములో దిగుడు.