స్వతః పండిత: రమాబాయి సంస్కృతవిద్య - ఒక పరిశీలనము

స్త్రీజనోద్ధరణ చరిత్రములో పండిత రమాబాయి సరస్వతి (1858-1922) నామధేయము సుప్రసిద్ధము. వితంతువులకు ఆశ్రయము కల్పించిన సంస్కర్త్రిగా, గ్రంథకర్త్రిగా, క్రైస్తవమతమును స్వీకరించిన వ్యక్తిగా ఆమెను గూర్చి వ్రాసినవారు పెక్కురు. ఆమె పేరునకు ముందున్న 'పండిత' శబ్దమును మాత్రము బిరుదముగా ఉచ్చరించి ముందునకు సాగిపోవుట పరిపాటి. సంఘచరిత్రకారులకు ఆమె సంస్కృతవిద్య ఒక బాల్యవిశేషము. సంస్కృతజ్ఞులకు ఆమె మతాంతరము ఒక సంకోచహేతువు. ఉభయులును విడిచిన అంశమును విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. రమాబాయి చేసిన సంస్కారకార్యమునకు శాస్త్రపాఠమే సాధనమైనదనియు, ఆ పాఠమును ఇచ్చిన సంప్రదాయమే ఆమె వేసిన ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియున్నదనియు ఇందలి ప్రతిపాదనము.

శబ్దవిచారము

అమరసింహుడు మనుష్యవర్గమున ఉపాధ్యాయా, ఉపాధ్యాయీ, ఆచార్యా అను రూపములను స్వయముగా బోధించు స్త్రీకి చెప్పి, ఆచార్యానీ అను రూపమును భర్తృసంబంధముచే వచ్చినదిగా వేరుపరచినాడు. అచట ఆయన వాడిన 'స్వతః' అను పదము గమనింపదగినది. పాణినీయమున ఆనుగాగమమును విధించు సూత్రమునకు వార్తికకారుడును, దానిననుసరించి దీక్షితులును ఈ భేదమునే నిరూపించిరి. ఆపిశలి వ్యాకరణమును చదివిన స్త్రీ ఆపిశలా యనియు, కాశకృత్స్ని చెప్పిన మీమాంసను చదివిన స్త్రీ కాశకృత్స్నా యనియు మహాభాష్యమున ఉదాహరణములున్నవి. లోకమున లేని వస్తువునకు వైయాకరణుడు రూపసిద్ధి చేయుటకు ఇంత శ్రమపడడు. స్త్రీప్రత్యయప్రకరణమును వల్లించిన ప్రతివిద్యార్థియు ఈ రూపములను ఎరుగును. వాని అర్థమును ఆలోచించినవారు అరుదు.

'పండితా' శబ్దము కథ మరికొంత చిత్రమైనది. బృహదారణ్యకోపనిషత్తు ఆరవ అధ్యాయమున, తనకు పండితయగు కుమార్తె కలుగవలెనని కోరువాడు తిలాన్నమును వండించి నేతితో భార్యాసహితుడై భుజింపవలెనని విధానము కలదు. అదే ఉపనిషత్తున గార్గి యాజ్ఞవల్క్యుని సభలో రెండుమార్లు ప్రశ్నించినది. అయినను భగవత్పాదులు కుమార్తె పాండిత్యము గృహతంత్రవిషయమని వ్యాఖ్యానించి, వేదమున అధికారము లేకుండుటను హేతువుగా చూపిరి. హారీతస్మృతి స్త్రీలను బ్రహ్మవాదినులనియు సద్యోవధువులనియు ద్వివిధముగా విభజించి, మొదటివారికి ఉపనయనము, వేదాధ్యయనము చెప్పినది. పరాశరమాధవీయము ఆ వచనమును ఉదాహరించి, అది కల్పాంతరవిషయమని పరిహరించినది. ఈ విధముగా వచనము గ్రంథమున నిలిచెను. ఆచారము లోకమున తొలగెను. శ్రుతి చెప్పిన శబ్దమునకును, వ్యాఖ్య విడిచిన అర్థమునకును నడుమనున్న ఈ వ్యవధానమే 19వ శతాబ్దమున ఒక కుటుంబమునకు జీవితసమస్యయైనది.

మాతృముఖమున విద్య

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మంగళూరు ప్రాంతమునకు చెందిన చిత్పావన బ్రాహ్మణుడు. పుణ్యపత్తనమున రామచంద్రశాస్త్రి సాఠే కడ విద్యాభ్యాసము చేయు దినములలో, పేష్వా రెండవ బాజీరావు అంతఃపురమున గురువుగారు రాణికి సంస్కృతము బోధించుట చూచి, తన ఇంటి స్త్రీకిని ఆ విద్యను నేర్పవలెనని సంకల్పించెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తనకు భార్యయైన లక్ష్మీబాయికి ఆయన సంస్కృతమును నేర్పెను. ఇది అనాచారమని ఆక్షేపణ రాగా, ఉడిపిలో పండితుల సమక్షమున శాస్త్రవచనములను చూపి సమర్థించుకొనెనని చరిత్రకారులు వ్రాసిరి. పిమ్మట పడమటి కనుమలలోని గంగామూల అరణ్యమున ఆశ్రమము ఏర్పరచుకొని శిష్యులకు విద్యాదానము చేసెను. అచటనే 1858 ఏప్రిల్ 23న రమాబాయి జన్మించినది.

అనంతశాస్త్రి సాహసమునకును ఒక హద్దు ఉండెను. కావ్యము, వ్యాకరణము, కోశము, ఇతిహాసపురాణములు స్త్రీకి నేర్పవచ్చునని ఆయన నమ్మెను; వేదమును మాత్రము నేర్పలేదు. కుమార్తె పెరుగునప్పటికి తాను వృద్ధుడగుటచే పాఠము చెప్పు భారము తల్లిమీద పడెను. ఎనిమిదవ ఏట మొదలుకొని పదునైదేండ్ల ప్రాయము వరకు రమాబాయి తల్లి నోటినుండి విని విద్య గడించినది. భాగవతము కంఠస్థమయ్యెను. లక్ష్మీబాయి అమరుడు చెప్పిన రీతిని స్వతః ఉపాధ్యాయ. అనగా రమాబాయి రెండవ తరపు విద్యావతి. ఈ విషయమును విస్మరించి ఆమెను ఆకస్మికముగా ఉదయించిన అద్భుతముగా వర్ణించుట సరికాదు.

వేంకటగిరి అరణ్యమున

ఆశ్రమవ్యయము పెరిగి, ఋణగ్రస్తుడై, అనంతశాస్త్రి కుటుంబసహితముగా తీర్థయాత్రలు చేయుచు పురాణపఠనముచే జీవించెను. ఆ సంచారమున కుటుంబము మన ఆంధ్రదేశమునకును వచ్చినది. చెన్నపురి రాజధానిలో కరవు నెలకొనియుండగా, నగలు, పాత్రలు అన్నియు అమ్ముడుపోయి, కడపటి గింజయు తీరిన రాత్రి, వేంకటాచలముమీదనున్న తిరుపతిలోని విడిది విడిచి అడవిలో ప్రాణములు విడుచుటకు బయలుదేరిరని రమాబాయి తన స్వీయకథనమున వ్రాసినది. ఆకులలములతో, నీటితో, పిడికెడు అడవి ఈతపండ్లతో పదునొకండు పగళ్ళు, పదునొకండు రాత్రులు గడచెను. తండ్రి జలప్రవేశము చేయ నిశ్చయించెను. అప్పుడు కుమారుడు శ్రీనివాసుడు కులాభిమానము విడిచి కూలిపని చేసియైనను పోషింతునని ఆయనను వారించెను. అయినను అనతికాలముననే, 1874లో, తండ్రియు, కొలదినెలలకు తల్లియు గతించిరి.

ఈ వృత్తాంతమును కేవలము కరుణరసస్థానముగా చూడరాదు. భాగవతమును ఆద్యంతము చెప్పగల కుటుంబమునకు అన్నము సంపాదించు పని ఒక్కటియు తెలియదు. యాచింప అభిమానము, పనిచేయ ఆచారము అడ్డువచ్చినవి. శాస్త్రవిద్యను మాత్రమే ఇచ్చి, జీవనోపాయమును నేర్పకపోవుట తమ పెంపకమున లోపమని రమాబాయి స్పష్టముగా గ్రహించినది. తరువాతికాలమున ఆమె నెలకొల్పిన విద్యాలయములలో అక్షరముతోపాటు నేత, కుట్టు, ముద్రణము, వ్యవసాయము బోధింపబడుటకు బీజము ఈ అడవిలో పడినదని చెప్పవచ్చును.

కలకత్తా సభ

తల్లిదండ్రులు, అక్క గతించిన పిమ్మట అన్నాచెల్లెండ్రు కాలినడకన ఉత్తరదేశమంతయు తిరుగుచు పురాణప్రవచనములు చేసి, 1878లో కలకత్తా చేరిరి. అచటి పండితులు ఇరువదేండ్ల యువతిని పరీక్షించి 'పండిత', 'సరస్వతి' అను బిరుదములొసగిరి. ఇంతకుముందు చూచిన శబ్దచరిత్రలో ఇది ముఖ్యఘట్టము. పండితుని భార్యయగుటచే గాక, పరీక్షచే వచ్చిన పండితాత్వమిది.

అంతఃపురస్త్రీలకు ధర్మము చెప్పుటకై ధర్మశాస్త్రములు చదువుమని పండితులే ఆమెను ప్రేరేపించిరి. కేశవచంద్రసేనుడు వేదగ్రంథమొకటి చేతికిచ్చి చదువుమనెను. మొదట సంశయించి పిదప ఆమె ఉపనిషత్తులను, వేదాంతమును చదివినది. ధర్మశాస్త్రపఠనముచే ఆమెకు తోచిన నిర్ణయము వారు ఊహించినది కాదు. పెక్కు విషయములలో పరస్పరవిరుద్ధములైన స్మృతిపురాణములు, స్త్రీలను శూద్రులను హీనముగా చూచుటలోను, స్త్రీకి భర్తృసేవకన్న వేరు మోక్షమార్గము లేదనుటలోను ఏకాభిప్రాయముతో ఉన్నవని ఆమె తేల్చినది.

ఇచట ఒక భేదము గ్రహింపవలెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పరాశరవచనము ఆధారముగా వితంతువివాహమును సమర్థించెను. వీరేశలింగముపంతులు శాస్త్రవాదమున పండితులను ఎదుర్కొని, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. వీరు స్త్రీల పక్షమున శాస్త్రమును చదివిన పురుషులు. రమాబాయి తననుగూర్చి శాస్త్రమేమనుచున్నదో తానే చదివిన స్త్రీ. వారు వెదకినది అనుకూలవచనము. ఆమె పరిశీలించినది శాస్త్రతాత్పర్యము.

1880లో అన్న మరణించెను. ఆ ఏడే ఆమె బిపినబిహారీదాసు అను వంగదేశపు న్యాయవాదిని వర్ణాంతరవివాహము చేసికొని, 1882 ఫిబ్రవరిలో వితంతువయ్యెను. కుమార్తె మనోరమ అప్పటికి పసిబిడ్డ. ఆ నడుమనే, 1881లో బెర్లినులో సమావేశమైన ప్రాచ్యవిద్యా మహాసభలో, సంస్కృతభాష దుఃస్థితిని గూర్చి ఆమె రచించిన సంస్కృతకవితను శ్యామజీ కృష్ణవర్మ వినిపించెను. దానికి మోనియర్ విలియమ్సు ఆంగ్లానువాదము చేసెను. సంస్కృతభాష పక్షమున ఐరోపీయ విద్వాంసులకు వినిపించిన ఆ గళము ఒక స్త్రీది.

పుణ్యపత్తనమునుండి ఆంగ్లభూమికి

1882లో పుణ్యపత్తనము చేరి ఆర్యమహిళాసమాజమును స్థాపించి, 'స్త్రీధర్మనీతి' అను మరాఠీగ్రంథమును ప్రకటించినది. అదే సంవత్సరమున హంటరు అధ్యక్షతగల విద్యాసంఘము ఎదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలకు స్త్రీలే ఉపాధ్యాయులుగా, వైద్యులుగా ఉండవలసిన ఆవశ్యకతను తెలిపెను. 1883లో ఇంగ్లండు వెళ్ళి, ఆ సెప్టెంబరులో క్రైస్తవమతమును స్వీకరించినది. చెల్టెన్‌హాం మహిళాకళాశాలలో సంస్కృతము బోధించినది.

అచటను అధికారప్రశ్న ఆమెను విడువలేదు. ఆమె పురుషవిద్యార్థులకు పాఠము చెప్పు ప్రస్తావన రాగా, హిందూదేశమున పనిచేయు క్రైస్తవ ధర్మాధ్యక్షులు అభ్యంతరము చెప్పిరి. తన దేశమున పురుషసభలలో ప్రవచనము చేసిన తనకు ఈ నిషేధమేమని ఆమె ప్రతిఘటించినది. మతము మారినంతమాత్రమున ఆమె స్వబుద్ధిని మరియొకరికి అప్పగింపలేదనుటకు ఇది నిదర్శనము.

శారదాసదనము

1886లో అమెరికా వెళ్ళి, 1887లో ఉన్నతవర్ణ హిందూస్త్రీని గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించి, దానివలనను, ఉపన్యాసములవలనను ధనము సమకూర్చి, 1889 మార్చిలో బొంబాయిలో శారదాసదనమును తెరచినది. విద్యాలయమునకు సరస్వతి పేరు పెట్టుట గమనింపదగినది. సదనము 1890లో పుణ్యపత్తనమునకు మారెను. సలహాసంఘమున రానడే, రామకృష్ణగోపాల భండార్కరు వంటివారు ఉండిరి. బాలికలు క్రైస్తవమువైపు మరలుచున్నారను వివాదము చెలరేగి, 1893లో వారు తొలగిరి. పెక్కుమంది తమ బాలికలను తీసికొనిపోయిరి. తల్లిదండ్రుల ఆందోళన నిరాధారమని కొట్టివేయుట న్యాయము కాదు. అట్లే ఆ వివాదముతో సదనచరిత్రను ముగించుటయు న్యాయము కాదు. అచటి తొలి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయిని ధోండో కేశవ కర్వే 1893లో వివాహమాడెను. 1896లో వితంతుగృహమును, 1916లో మహిళావిశ్వవిద్యాలయమును స్థాపించెను. ఆ ధార హిందూసమాజముననే ప్రవహించినది.

1896-97 నాటి కరవులో రమాబాయి మధ్యపరగణాలనుండి వందలకొలది అనాథబాలికలను కేడ్గాము చేర్చినది. అచటి ముక్తిసదనమున శేషజీవితము గడపినది. తిరుపతి అడవిలో ఆకలి ఎరిగిన ఆమెకు ఆ బాలికల స్థితిని వేరొకరు వివరింప పనిలేకపోయెను. హీబ్రూ, గ్రీకు భాషలను నేర్చి బైబిలును మరాఠీలోనికి అనువదించుచు, సామాన్యస్త్రీకి తెలియు మాటలకొరకు సంస్కృతపదభారమును తగ్గించినది. భాష బరువును ఎరిగినవారే దానిని తగ్గింపగలరు. 1922 ఏప్రిల్ 5న ఆమె మరణించినది.

ఉపసంహారము

గురువు విద్యను ఇచ్చును; దాని ఫలమును నిర్ణయింపజాలడు. అనంతశాస్త్రి ఇచ్చిన విద్య ఆయన ఎరుగని దిక్కునకు సాగినది. అందులకు ఆ విద్యను నిందింతుమా, శిష్యురాలిని పరిహరింతుమా? రమాబాయి స్మృతివిమర్శమును అంగీకరింపవలెనని నేను చెప్పుటలేదు. హారీతాది వచనములను ఆమె తగినంతగా గణింపలేదని వాదింపవచ్చును. కాని ఆ వచనములను కల్పాంతరమునకు తరలించినది ఆమె కాదు, మన నిబంధనకారులు. పూర్వపక్షమును యథాతథముగా ఉపపాదించి పిమ్మట సమాధానము చెప్పుట మన శాస్త్రమర్యాద. పూర్వపక్షిని పేరెత్తకుండుట ఆ మర్యాదలో లేదు.

నేడు మన ప్రాచ్యకళాశాలల తరగతులలో బాలికలు కౌముదిని చదువుచున్నారు. స్త్రీప్రత్యయప్రకరణమున ఆచార్యా, ఆచార్యానీ రూపములు చెప్పునపుడు, ఆ భేదము జీవితమున సార్థకమైన ఉదాహరణముగా లక్ష్మీబాయిని, రమాబాయిని పేర్కొనుట అధ్యాపకులకు ఉచితము. ఆమె సంస్కృతకవితను పాఠ్యాంశముగను, ఆమె ధర్మశాస్త్రవిమర్శమును పరిశోధనాంశముగను స్వీకరింపవచ్చును. ఉపనిషత్తు కోరిన పండితయగు కుమార్తె జన్మించినపుడు ఆమె మాటను వినుట కోరినవారి ధర్మము.