గోధుమ పడని పసిబిడ్డకు ఆహారము

అన్నము తిను మన సీమలో గోధుమ పడని బిడ్డను పోషించుట సులభమని పలువురు తలంచుచున్నారు. అన్నపు కుండను మాత్రమే చూచినయెడల అది నిజమే. బొంబాయి రవ్వ, మైదా, బిస్కత్తులు గోధుమవేయని తల్లులెరుగుదురు. ఇంగువ సంగతి కొద్దిమందికే తెలియును. అంగడి ఇంగువ చాలవరకు పిండి కలిపినది. ఆ పిండి తరచుగా గోధుమపిండియే. పప్పుచారు తిని బిడ్డకు దద్దుర్లు లేచినప్పుడు, కందిపప్పును నిందించుటకు ముందు ఇంగువ డబ్బాపై వ్రాతను చదువవలెను.

‘అలెర్జీ’ అను మాటను 1906లో వియన్నా శిశువైద్యుడు క్లెమెన్స్ ఫన్ పిర్కే కల్పించెను. దేహమును కాపాడవలసిన రక్షణశక్తి ఆహారములోని మాంసకృత్తును శత్రువుగా నెంచుటయే ఆహారపు అలెర్జీ. తిన్న కొన్ని నిమిషములకు గాని, సాధారణముగా రెండు గంటలలోపల గాని దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, దగ్గు కనబడును. సీలియాక్ వ్యాధి వేరు. అందు గోధుమవలన పేగు మెల్లమెల్లగా చెడును. హాలండు వైద్యుడు విల్లెం డికె 1950లో తన సిద్ధాంతగ్రంథమున ఆ సంబంధమును చూపెను. ఈ భేదము తల్లిదండ్రులకేల యందురేమో. సీలియాక్ పరీక్షకు ముందే గోధుమ మానిపించినచో రక్తపరీక్షలో వ్యాధి కనబడకపోవచ్చును.

కావున వైద్యుని అడుగక ఒక్కొక్క పదార్థమును మానిపించుకొనుచు పోరాదు. పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు, గోధుమ అన్నియు తీసివేసి ఉత్త గంజితో పెంచిన బిడ్డ అలెర్జీవలన గాక పోషణ చాలక చిక్కిపోవును. మానిన ప్రతిదానికి బదులొకటి కావలెను. బియ్యముతోపాటు రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు మనకు కలవు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు గనుక పాలు పడని బిడ్డకు రాగిసంకటి మేలు. అయినను ఏడాది నిండని శిశువునకు జావ పాలకు బదులు కానేరదు. పప్పును, పడినయెడల చేపలును మాంసకృత్తుల నిచ్చును. బార్లీ గోధుమకు దగ్గరి చుట్టము. జ్వరములో బార్లీనీళ్లు త్రాగించుటకు ముందు వైద్యుని అడుగుడు.

ఇంకొక చిక్కు పిండిమరలో నున్నది. గోధుమలు విసరిన మరలోనే వెంటనే రాగులు పోసినయెడల రాగిపిండిలో గోధుమపిండి చేరును. రాగులను బాగుగా కడిగి ఆరబెట్టి ఇంటనే విసరుకొనుట ఉత్తమము. గరిటె, మూకుడు, నూనె కూడ వేరుగా నుండవలెను. పూరీలు వేచిన నూనెలో అప్పడము వేయరాదు.

మా చిన్నతరగతులలో పిల్లలు డబ్బాలు పంచుకొందురు. పంచుకొనుట మంచి గుణమే, మేము దానిని నేర్పుచున్నాము కూడ. కాని ఈ బిడ్డల విషయమున తల్లి ముందుగా ఉపాధ్యాయురాలికి వ్రాసి యివ్వవలెను. క్రిస్మసునకు ఇరుగుపొరుగులు పంపు కేకు, గులాబీపువ్వులలో మైదాయు గ్రుడ్డును ఉండవచ్చును. “కొంచెమేగదా” యని నాయనమ్మలు ముద్దుగా పెట్టు ముక్కయే మాకు మిక్కిలి భయము కలిగించును.

ఊపిరాడక పోయినను, గొంతు బొంగురుపోయినను, బిడ్డ సొమ్మసిల్లినను అది ప్రాణాపాయము. వైద్యుడిచ్చిన అడ్రినలిన్ సూదిమందు ఉన్నచో ఆలస్యము చేయక తొడ వెలుపలివైపున వేసి, 108కి ఫోను చేయవలెను. దద్దుర్ల మాత్ర మ్రింగించి వేచియుండరాదు.

పాలు, గ్రుడ్లు, గోధుమ పడని పసివారిలో అనేకులకు బడియీడు వచ్చుసరికి ఆ బాధ తొలగును. తొలగినదో లేదో పెట్టి చూచుట వంటయింట కాదు, వైద్యుని యెదుటనే.