మఱపురాని పేట

ఊరు విడిచి పోవువారు సామానును బండి మీద ఎక్కించుకొని పోవచ్చును. ఇరుగుపొరుగును మాత్రము వెంట గొనిపోజాలరు. 1953వ సంవత్సరమున చెన్నపురి నుండి కర్నూలునకు తరలిన తెలుగు కుటుంబములకు ఈ సంగతి అనుభవమునకు వచ్చెను. వారిలో పలువురు విడిచి వచ్చిన పేట జార్జిటౌను.

1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు దామెర్ల వేంకటాద్రి నాయకుని యొద్ద సముద్రతీరమున కొంత భూమిని సంపాదించి కోట కట్టిరి. వేంకటాద్రి తండ్రియైన చెన్నప్ప నాయకుని పేరుమీదుగా చెన్నపట్టణమను పేరు వచ్చెనని చెప్పుదురు. కోటకు ఉత్తరమున దేశీయుల పేట యొకటి పెరిగెను. 1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొనిన తరువాత కొన్ని యేండ్లలో ఆ పేట నేలమట్టమయ్యెను. జనులు మఱికొంత ఉత్తరమునకు జరిగి ముత్యాలపేటలోను, పెద్దనాయకునిపేటలోను కాపురములు పెట్టిరి. ఈ రెండు పేటలకే పిమ్మట ఐదవ జార్జి చక్రవర్తి పేర జార్జిటౌనని నామకరణము జరిగెను.

ఎందఱు ఎచ్చటెచ్చటి నుండి వచ్చి యిచ్చట నిలిచిరో వీధుల పేర్లే చెప్పును. పగడాల వర్తకుల వీధిలో ఒకప్పుడు యూదులు వ్యాపారము చేసిరి. అర్మీనియను వీధిలో 1772లో కట్టిన అర్మీనియనుల చర్చి నేటికిని నిలిచియున్నది. అర్మీనియను భాషలో మొట్టమొదటి పత్రిక 1794లో వెలువడినది ఈ చెన్నపురిలోనే. షావుకారుపేటలో గుజరాతీలు, మార్వాడీలు దుకాణములు పెట్టిరి. అంగప్ప నాయకుని వీధిలో మసీదు, కొత్వాలు చావడి యొద్ద కన్యకాపరమేశ్వరి కోవెల, తంబుచెట్టి వీధిలో కాళికాంబ గుడి కలవు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక కార్యాలయమును తంబుచెట్టి వీధిలోనే ఉండెడిది.

ఇండ్లు గోడకు గోడ ఆనుకొని యుండెడివి. ఒక్కొక్క యింట నాలుగైదు కుటుంబములు బాడుగకు ఉండుటయు కలదు. తెల్లవాఱకమునుపే కొళాయి యొద్ద బిందెలు బారులు తీరెడివి. ఏ బిందె ఏ భాషవారిదో నీటికి తెలియదు గదా! పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, సేటు దుకాణమున హిందీని మాటలాడుచు, ఇవి మూడు భాషలన్న సంగతియే యెఱుగక పెరిగిరి. ఉగాదినాడు పచ్చడి గిన్నె గోడ దాటి పోయెడిది. పొంగలినాడు అదే గిన్నె చక్కెర పొంగలితో తిరిగి వచ్చెడిది.

అట్టి పేటలోను కలహమునకు కారణము పుట్టెను. తెలుగువారికి వేఱు రాష్ట్రము కావలెనను ఉద్యమము బలపడెను. చెన్నపురి తమకే చెందవలెనని తెలుగువారును, తమ నగరమును విడువమని తమిళులును పట్టుపట్టిరి. ఈ జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళ వీధిలో 1901లో జన్మించిన పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి.

ఆ దినములలో ఒక వీధిలో తెలుగు గుమాస్తా యొకడును, తమిళ ఉపాధ్యాయుడొకడును ప్రక్కప్రక్క యిండ్లలో నుండిరి. సాయంకాలము కాగానే అరుగు మీద ఇరువురికిని వాదము. ఒక్కొక్కనాడు మాట మిక్కుటమై, చెప్పకయే లేచిపోవుచుండిరి. అట్టి యొకనాటి రాత్రి గుమాస్తా కుమారునికి తీవ్రమైన జ్వరము వచ్చెను. ఏడ్పు విని మొదట తలుపు తట్టినవాడు ఆ ఉపాధ్యాయుడే. వైద్యుని పిలుచుకొని వచ్చి, తెల్లవాఱువఱకు అతడు బాలుని మంచము విడువలేదు. మఱునాటి సాయంకాలము వాదము మరల సాగెను; కాని చెప్పకయే లేచిపోవుట మాత్రము నాటితో నిలిచెను.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. చెన్నపురి తమిళుల రాష్ట్రముననే నిలిచెను. గుమాస్తాకు కర్నూలునకు బదిలీ అయ్యెను. అతని భార్య పెరటిలోని తులసికోటను కొనిపోవు వీలు లేక, "రోజూ నీళ్లు పోయండి, అక్కా" అని ఉపాధ్యాయుని భార్యకు అప్పగించెను.

కర్నూలున ఇండ్లు చాలక కార్యాలయములు సైతము డేరాలలో నడిచినవి. అయినను సంతోషమునకు కొదువలేదు. కచ్చేరిలోను, అంగడిలోను అంతట తెలుగే వినబడుచుండెను. చిరకాలముగ కోరినది చేతికి వచ్చెను. కాని గుమాస్తా పిల్లలు నీళ్ల నడుగబోయి "తణ్ణి" యనగా తోడిపిల్లలు నవ్విరి. పొంగలినాడు తల్లి అలవాటు చొప్పున గోడవైపు చూచెను. కొన్ని నెలలకు ఉపాధ్యాయుని యొద్దనుండి ఒక కార్డు వచ్చెను. అందు క్షేమసమాచారములు వ్రాసి, చివర తులసి గుబురుగా పెరిగినదని తెలిపెను. రాష్ట్రము ఎవరికి చెందవలెనను ప్రసక్తి అందు లేదు. గుమాస్తా దానిని భద్రపఱచుకొనెను.

చెన్నపురి ట్రాములు 1953లోనే ఆగిపోయెను. కొత్వాలు చావడిలోని కూరగాయల సంత 1996లో కోయంబేడునకు తరలెను. వీధులు, గుడులు, మసీదు, చర్చి మాత్రము ఉన్నచోటనే యున్నవి. పాలన సాగుటకు ఎల్లలు అవసరమే. వానిని నిర్ణయించునపుడు వాదములును తప్పవు. అయితే వాదించిన నోటితోనే పొరుగువాని క్షేమమును విచారించుట ఆ పేటవారు నేర్చిన విద్య. అచ్చటినుండి తరలినవారు తమ పిల్లలకు ముచ్చటించి చెప్పినది ఆ విద్యను గూర్చియే.