పలకపై నిలిచి తెడ్డు వేయుట

మార్కాపురము మీదుగా కంభము పోయినవారు, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టబడిన ప్రాచీన తటాకమును చూచియే యుందురు. 2020వ సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. అట్టి విశాలజలమును చూచినప్పుడెల్ల మాకు హవాయి ద్వీపముల క్రీడ యొకటి స్ఫురించును. వైకీకీ తీరమున కొందరు వెడల్పైన పలకపై నిలువబడి పొడవైన తెడ్డుతో దానిని నడపిరి. 2000 ప్రాంతమున అది మరల ప్రబలి, నేడు కుటుంబవినోదమైనది. తెప్పనెరిగిన మన బెస్తలకు ఇందు వింత తోపకపోవచ్చును!

పలక ఏల మునుగదు? అది తొలగించిన నీటి బరువెంతయో, అంత బరువును నీరు మోయును. లీటరు నీరు ఒక కిలోగ్రాము. తండ్రి 65, బిడ్డ 25, పలక 10 కిలోగ్రాములైనచో 100 లీటర్ల నీరు తొలగిన చాలును. 250 లీటర్ల పలక వారిని సులభముగా మోయును. అయినను తేలుట వేరు, ఒరగకుండుట వేరు. మొదట మోకాళ్లపై నుండి, పిమ్మట పలక నడుమ పాదములెడముగా నుంచి నిలిచి, మోకాళ్లు కొంచెము వంచి, ఎదుటి గట్టును చూడవలెను.

తల్లిదండ్రులు భయపడవలసినది లోతునకు మాత్రమే కాదు, గాలికిని. నిలిచిన మనిషి తెరచాపవంటివాడు. గట్టునుండి లోనికి వీచు గాలి ఒడ్డున తెలియదు. మరలి వచ్చునప్పుడే తెలియును. కావున అట్టి దినమున పోరాదు. ఈత వచ్చినవారును రక్షణచొక్కా తొడుగవలెను. ఈత రాని బిడ్డకు ముందుగా పలక కొనియిచ్చుట మాకు సమ్మతము కాదు. నిలుకడ నీటిలో పడినవారు గట్టుకు ఈదబోక పలకనే పట్టుకొనవలెను. కాలికి కట్టిన త్రాడు అందులకే.