కోడ్ కంటే ముందు కాగితం

ప్రశ్న: ఒమాన్‌లోని షినాస్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ అప్లయిడ్ సైన్సెస్‌లో ఐటీ చదువుతున్నాను. పైథాన్ బాగానే వచ్చు. అల్గారిథమ్స్ మాత్రం బట్టీ పడుతున్నాను. సొంతంగా ఆలోచించడం ఎలా?
– ఒక విద్యార్థిని, షినాస్

జవాబు: బట్టీ మానేసి, చేత్తో చేసి చూడండమ్మా. 7, 3, 9, 1 అంకెలను మెర్జ్ సార్ట్‌తో వరుసలో పెట్టండి. జతలుగా విడగొట్టి సరిచేస్తే 3, 7 ఒకటి. 1, 9 ఇంకొకటి. ఇప్పుడు రెండింటిలోనూ ముందున్న అంకెలనే పోల్చండి. మొదట 1 వస్తుంది, తర్వాత 3, ఆపైన 7, చివరికి 9. మొత్తం అయిదు పోలికలు. జతలు అప్పటికే వరుసలో ఉన్నాయి కాబట్టే ముందున్నవి చూస్తే సరిపోయింది. ఆ కారణం పట్టుబడితే అల్గారిథం మీదైనట్టే.

ఇక విశ్లేషణ. సంఖ్యలు 10 లక్షలైతే? ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోలిస్తే సుమారు 50 వేల కోట్ల పోలికలు. మెర్జ్ సార్ట్‌తో సగానికి సగం విడగొడితే 20 అంచెలు, అంచెకు 10 లక్షల లోపు. అంతా కలిపి 2 కోట్లు దాటదు. గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ 1945లోనే రూపొందించిన పద్ధతి ఇది.

ఏ లెక్కకైనా ముందు మోటు పద్ధతి రాయండి. అది ఏ పనిని పదేపదే చేస్తోందో వెతకండి. ఆ వృథాను తీసేయడంలోనే డిజైన్ మొదలవుతుంది. చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ అల్గారిథమ్స్ పాఠాలు ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఎల్‌లో ఉచితంగా ఉన్నాయి, వరుసగా వినండి. కనీసం అరగంట తంటాలు పడనిదే జవాబు మాత్రం చూడకండి. పట్టు దొరికేది ఆ అరగంటలోనే.