ఆసుపత్రి జ్ఞాపకం

గుడియాత్తం కౌండిన్య నది ఒడ్డున ఉన్న నేత పట్టణం. లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపొందింది. తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ ఊరి మగ్గం మీద పనిచేసే ఒక ముసలాయనను ఊహించుకోండి. పదేళ్ళ క్రితం ఆయనకు ఒక సూదిమందు పడలేదు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చింది. ఇప్పుడు జ్వరంతో వేలూరులోని ఒక ఆసుపత్రికి వచ్చాడు.

"ఇంతకు ముందు ఏ మందైనా పడలేదా తాతా?" అని డాక్టరు అడిగాడు.

"ఏదో సూది నాయనా! పేరు తెలియదు. చీటీ ఎక్కడో పోయింది" అన్నాడు ముసలాయన.

వైద్యుడు రోగి నాడి చూడగలడు, గుండె చప్పుడు వినగలడు. కాని పదేళ్ళ క్రితం జరిగినదాన్ని ఏ పరికరమూ వినిపించలేదు. దాన్ని వ్రాసి ఉంచాలి. అలా వ్రాసి ఉంచినదే వైద్య రికార్డు.

వేలూరుకు వైద్యచరిత్రలో గొప్ప స్థానం ఉన్నది. 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ 1890 దశకంలో తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ప్రసవ సమయంలో మరణించారు. పురుష వైద్యుని సాయాన్ని ఆ ఇళ్ళవారు అంగీకరించలేదు. ఈ సంఘటన ఆమెను కదిలించింది. ఆమె అమెరికాలో వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒకే మంచంతో చికిత్సాలయం ప్రారంభించింది. అదే నేటి క్రైస్తవ వైద్య కళాశాలకు మూలం. తరువాత కొన్నేళ్ళకు ఆమె గుడియాత్తం దారిలో చెట్ల నీడన ఆగి, రోగులకు మందులిస్తూ వెళ్ళేది.

చెట్టు క్రింద కొద్దిమందికి వైద్యం చేసేటప్పుడు డాక్టరు జ్ఞాపకం కొంతవరకు సరిపోతుంది. రోగులు వేలలో పెరిగితే అది చాలదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పూర్వం ఏ డాక్టరు పుస్తకం ఆయనదే. ఒక రోగి నలుగురు డాక్టర్లను చూస్తే అతని కథ నాలుగు పుస్తకాలలో చెదిరిపోయేది. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే వైద్యుడు ఈ పద్ధతిని మార్చాడు. ప్రతి రోగికి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒకే ఫైలు. నేటి కంప్యూటరు రికార్డుకు కూడా పునాది ఈ ఆలోచనే.

కంప్యూటరు రికార్డు ఆసుపత్రి పనులను ఒక్క తాటిపై నడుపుతుంది. డాక్టరు మందు వ్రాయగానే ఆ వివరం మందుల కొట్టుకు చేరుతుంది. రక్తపరీక్ష ఫలితం కాగితం మోసే మనిషి కోసం ఆగదు. నిలువలో ఏ మందు తగ్గిందో, రేపు ఎవరు రావలసి ఉన్నదో తెలుస్తుంది. రోగికి పడని మందు పేరు నమోదై ఉంటే, ఆ మందు వ్రాయబోయిన డాక్టరును కంప్యూటరు హెచ్చరించగలదు.

అయితే తప్పుగా వ్రాసినదాన్ని కంప్యూటరు తప్పుగానే గుర్తుంచుకుంటుంది. తెలుగువారు పేరుకు ముందు ఇంటిపేరు వ్రాస్తారు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం వ్రాస్తారు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో రెండు అలవాట్లూ కనిపిస్తాయి. ఒకసారి ఒక విధంగాను, మరొకసారి మరొక విధంగాను పేరు చెబితే, ఒకే మనిషికి రెండు రికార్డులు ఏర్పడవచ్చు. ఒకదానిలో మధుమేహం ఉంటుంది, రెండవదానిలో ఉండదు. అందుకే పేరు కన్న సంఖ్య ముఖ్యం. 2021లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కోరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్యను ఇస్తున్నది.

రికార్డు రోగి వచ్చేవరకు ఆగనక్కరలేదు. అదే రోగిని వెదకగలదు. వేలూరు సమీపంలోని కణియంబాడి ప్రాంతంలో క్రైస్తవ వైద్య కళాశాల ఈ పని చేసి చూపింది. గ్రామ ఆరోగ్య కార్యకర్తలు గర్భిణుల వివరాలను, జనన మరణాలను తెలియజేస్తారు. వాటిని కంప్యూటరులో నమోదు చేస్తారు. పరీక్షకు రాని గర్భిణి ఎవరో తెలిస్తే నర్సు ఆమె ఇంటికే వెళ్ళవచ్చు. ఐడాను కదిలించిన ఆ రాత్రికి ఇది ఒక సమాధానం.

రోగి రహస్యాన్ని కాపాడటం వైద్యుని ధర్మం. ఒకరి జబ్బు ఊరందరికీ తెలిస్తే అవమానం కలగవచ్చు, పని పోవచ్చు, పెళ్ళి ఆగవచ్చు. కనుక అవసరమైనవారు తప్ప ఇతరులు రికార్డును చూడరాదు. రోగికి మాత్రం తన వివరాలు పొందే హక్కు ఉన్నది. 2002నాటి భారత వైద్య మండలి నియమాల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటలలోగా ఇవ్వాలి.

ఎన్ని యంత్రాలు వచ్చినా మొదటి మాట చెప్పవలసింది ఇంటివారే. చాలా ఇళ్ళలో మందుచీటీ చదవగలిగేది బడికి వెళ్ళే పిల్లలే. ఆనాడు ఆ ముసలాయన మనుమడు చీటీలోని మందు పేరును నోటుపుస్తకంలో ఎక్కించి ఉంటే, డాక్టరు ప్రశ్నకు జవాబు దొరికేది. ఆ ఒక్క పంక్తి ఒక ప్రాణాన్ని కాపాడగలదు.

అభ్యాసము

అర్థములు
గర్భిణి – కడుపుతో ఉన్న స్త్రీ
నమోదు – వ్రాసి ఉంచడం
మధుమేహం – చక్కెర వ్యాధి
నిలువ – కూడబెట్టి ఉంచిన సరుకు

ప్రశ్నలు
1. ఐడా స్కడర్‌ను కదిలించిన సంఘటన ఏది?
2. 1907లో హెన్రీ ప్లమ్మర్ తెచ్చిన మార్పు ఏమిటి?
3. ఒకే మనిషికి రెండు రికార్డులు ఎలా ఏర్పడవచ్చు? దానివలన కలిగే ప్రమాదమేమి?
4. రోగి రికార్డును రహస్యంగా ఎందుకు ఉంచాలి?

చేయవలసిన పని
మీ ఇంటి పెద్దలను అడిగి, వారికి పడని మందుల పేర్లు, వాడుతున్న మందుల పేర్లు ఒక నోటుపుస్తకంలో తేదీతో వ్రాసి ఉంచండి.